ఎమ్మిగనూరు మగ్గాల ముందు నా హార్మోనియం

ఈసారి కూడా పనికిరావనిపించుకుంటే పెట్టె అమ్మేసి, బావ సోడా అంగట్లో కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చి, గుత్తిలో పొద్దున ఆరుంబావు ప్యాసింజరెక్కాను. పెట్టె అంటే నా హార్మోనియం. డెబ్బైల చివర, మే నెల. పద్యనాటకాలకు వాయించేవాణ్ణి. అంతకుముందే ఒక నాటక సమాజం వాళ్లు, నటుడి గొంతును అందుకోలేక వెనకబడుతున్నావని నన్ను పంపించేశారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎమ్మిగనూరులో నేతపనివాళ్ల నాటక బృందానికి వాయించే మనిషి కావాలని, దాన్ని నడిపే నాగప్ప కార్డు రాయగానే బయల్దేరాను.

గుంతకల్లులో బండి మారి ఆదోని చేరేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట ఎద్దులబండ్ల మీద పత్తి బోరాలు, గాలి నిండా దూది నూగు. కొత్తగా పోయేవాళ్లకు ఒక మాట చెబుతాను. ఆదోనిలో దిగితే ముందు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి, ఏ పనైనా ఆ తర్వాతే. నేను రెండు ప్లేట్లు లాగించాను. అప్పటికే ఎండ మాడు పగలగొడుతోంది. చెంబెడు నీళ్లు తాగి, తలమీద తువ్వాలు వేసుకుని బస్టాండుకు నడిచాను.

ఎమ్మిగనూరు బస్సు పదిన్నరకు. కండక్టరు పెట్టెను టాపు మీద వేయమన్నాడు. ఆ ఎండలో చెక్కలు విడిపోతాయి, ప్రాణం పోయినా వేయనన్నాను. మాటా మాటా పెరిగింది. పక్క సీటాయన కాస్త జరిగి పెట్టెకు చోటిచ్చి గొడవ తీర్చాడు. ఆయన పేరు హుసేన్, ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. ఎక్కడికని అడిగితే నా సంగతంతా చెప్పుకున్నాను. ఆయన పెట్టె వైపు జాలిగా చూశాడు.

“ఆ నేతోళ్ల వీధిలో సప్పట్లు కొట్టరప్పా. బాగుంటే మగ్గం ఆపుతారు. ఆపల్యా అనుకో, మల్లా ఇదే బస్సెక్కి వచ్చేయ్.”

మగ్గం ఆగినంతసేపూ కూలి పోయినట్టే కాబట్టి ఊరికే ఆపరని కూడా చెప్పాడు. నేను పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

పదకొండున్నరకు దిగాను. నాగప్ప బస్టాండుకే వచ్చాడు, యాభై దాటిన సన్నటి మనిషి. ఇంట్లో జొన్నరొట్టె, వేరుశనగ పొడి, మజ్జిగ పెట్టాడు. కాస్త నడుం వాలుస్తానంటే, వాయించాక పడుకోవచ్చులే అన్నాడు. పన్నెండున్నరకు ఇంటి ముందు చప్పరం కింద చాప వేసి కూర్చోబెట్టాడు.

వీధికి రెండువైపులా ఇళ్లలో మగ్గాలు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్క ముఖమూ బయటికి రాలేదు. టకటకమని ఒకటే మోత. ఆ మోతలో నా శ్రుతి నాకే వినపడలేదు. పది నిమిషాలు వాయించినా ఎవరికీ పట్టలేదు. చెమటకు వేళ్లు జారుతున్నాయి. ఒళ్లు మండిపోయింది నాకు. సోడాలైనా కొట్టుకుంటాను గానీ ఇలా భయపడుతూ వాయించను పొండి అనుకుని, కళ్లు మూసుకుని మోహన రాగం అందుకున్నాను. రాగం తీసి, పాటలోకి దిగి, ఎవరికోసమూ ఆగకుండా వేగం పెంచుతూ పోయాను.

ఎదురింటి మగ్గం ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను. దాని పక్కది ఆగింది. తర్వాత ఇవతలి వరసలో రెండు. కళ్లు తెరిచేసరికి గుమ్మాల నిండా మనుషులు, ఆడవాళ్లూ మగవాళ్లూ, కొంగులతో తువ్వాళ్లతో ముఖాలు తుడుచుకుంటూ నిలబడి వింటున్నారు. గెలిచాను, అబ్బ, గెలిచాను! లేచి గంతేయాలనిపించింది.

ఒక్క మగ్గం మాత్రం ఆగలేదు. నాగప్ప పక్కింట్లోది. నేను ముగించేదాకా అది కొట్టుకుంటూనే ఉంది. అది వెంకోబ తాతదట. ఒకప్పుడు ఈ నాటకాలకు మద్దెల వాయించినవాడు, వయసు మీదపడి రాత్రులు మేలుకోలేక మానేశాడట. నాగప్ప నా భుజం తట్టి, వచ్చే వారం నుంచి రిహార్సల్సుకు వచ్చేయమన్నాడు. వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ ముసలాయన మీద ఉక్రోషం తగ్గలేదు. ఆ రాత్రి నాగప్ప ఇంటి అరుగు మీద పడుకున్నా మనసులో అదే పీకులాట.

మర్నాడు ఏడుకు బస్టాండులో ఉంటే, నన్ను చూడాలని వెంకోబ తాతే కర్ర పట్టుకుని వచ్చి పేరు చెప్పాడు. దాచుకోవడం నాకు చేతకాదు. నా వాయింపు నచ్చలేదా తాతా అని ముఖం మీదే అడిగేశాను.

“నచ్చక కాదు నాయనా. మద్దెల ల్యాకుండా ఒక్కనివే వాయిస్తాంటివి. అందరూ ఆపితే నీకు తాళం ఎవరేస్తారు?” అన్నాడు. తర్వాత నవ్వాడు. “నీ యెంట పరుగెత్తల్యాక సచ్చినా. పోగులన్నీ తెగినాయి. ఆ బట్ట ఇంగ పనికిరాదు.”

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మగ్గం చప్పుడు ఒక్కసారైనా నా తాళం తప్పలేదు. కోపంలో నా చెవులు మూసుకుపోయాయి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాను.

ఆదోనిలో పదకొండు గంటల బండెక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని గుత్తి దాకా కూనిరాగాలు తీస్తూనే వచ్చాను. ఎదుటి సీటావిడ పిచ్చివాడనుకుందేమో, అనుకోనీ. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, చాలాచోట్ల చప్పట్లు కొట్టారు. నాకోసం ఒక మనిషి తను నేస్తున్న బట్ట పాడుచేసుకున్నది మాత్రం ఎమ్మిగనూరులోనే.