వాషింగ్ మెషిన్ నేర్పిన వరస

మా అత్తగారు దేశం కాని దేశంలో మేముండే ఈ పుంగ్గోల్ పేటకు వచ్చిన కొత్తలో ఆవిడకు ఒకటే బెంగ, శనివారం భజన. ఇక్కడి తెలుగు కుటుంబాలవాళ్ళం వారానికో ఫ్లాట్‌లో కలుస్తాం. వంతులవారీగా తలో పాటా పాడాలి. ఆవిడ కాకినాడ నుంచి మోసుకొచ్చిన పాటలన్నీ ఇక్కడ అందరికీ వచ్చు. ఆవిడ వంతు వచ్చేసరికి వాటిని ఎవరో ఒకరు పాడేసి ఉండేవారు. "అయ్యో ఆంటీ, నెక్స్ట్ వీక్ మీరే పాడాలి" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ అక్కడ నవ్వేసి, ఇంటికొచ్చాక మజ్జిగన్నం కూడా వద్దనేవారు.

ఒకరోజు బెండకాయలు తరుగుతూ కొత్త వరసేదో కూనిరాగం తీస్తున్నారు. ఎక్కడో విన్నట్టుంది గానీ ఎక్కడో తట్టలేదు. వారం తిరిగేసరికి ఆ వరసకు, రాముణ్ణి నావలో గంగ దాటించిన గుహుడి మీద మూడు చరణాలు కట్టేశారు.

"ఇది మట్టుకు ఎవళ్ళకీ రాదమ్మాయ్!" అన్నారు. ఆ మొహంలో వెలుగు చూసి నేనూ మురిసిపోయాను.

ఆ శనివారం భజన పక్క బ్లాకులో. అత్తగారు గొంతు సవరించుకుని అందుకున్నారు. మొదటి చరణానికే తాళాలు జోరందుకున్నాయి. రెండోది ముగుస్తుండగా వంటింటి వెనక నుంచి టింగుటింగుమంటూ అదే వరస! ఆ ఇంటి వాషింగ్ మెషిన్ బట్టలు ఉతకడం అయిపోయిందని పాడుతోంది. మా ఇంట్లోదీ అదే రకం. రోజూ వింటూ కూడా పోల్చుకోలేదంటే నా సంగీత జ్ఞానం ఏపాటిదో మీరే అనుకోండి.

"నానమ్మా, దట్స్ అవర్ వాషింగ్ మెషిన్, లా!" అని ఇక్కడి పిల్లల యాసలో మా అమ్మాయి అరిచింది. తాళాలు ఆగిపోయాయి. ఈవిడ ఇక జన్మలో భజనకు రారనుకున్నాను.

అత్తగారు తొణకలేదు. మెషిన్ పాట ముగిసేదాకా తొడ మీద తాళం వేస్తూ కూర్చుని, "గురువుగారు కానిచ్చేరు, ఇంక నేను పాడతాను" అని మూడో చరణం ఎత్తుకున్నారు. అందరూ గొల్లున నవ్వారు.

పాటయ్యాక, పియానో నేర్చుకుంటున్న ఆ ఇంటి పిల్ల వచ్చి అదే వరస వాయించి చూపించింది. "ఆంటీ, ఇది చాలా ఓల్డ్ ఇంగ్లీష్ సాంగ్. విక్టోరియా రాణి టైంలో ఇళ్ళల్లో పియానో చుట్టూ చేరి పాడేవాళ్ళంట. దూరం వెళ్ళిపోయిన వాళ్ళ కోసం శాడ్‌గా ఉండే సాంగ్ అంట" అంది.

"సరిపోయింది. రాముడు అవతలి ఒడ్డున దిగిపోతే మా గుహుడికీ దిగులేగా!" అన్నారు అత్తగారు.

మరుసటి శనివారం మధ్యాహ్నం, ఆ వారం భజన పెట్టుకున్న ఇంటావిడ ఫోన్ చేసింది. వాళ్ళదీ అదే మెషినట. "ఆంటీ పాట ఎన్నింటికి? దాన్నిబట్టి బట్టలు వేస్తాను" అంది.

ఫోన్ అత్తగారి చేతికిచ్చాను.

"మొదటి పాటే నాది. గంట ముందు వేసెయ్యమ్మా" అన్నారు ఆవిడ.