చెల్లె మీద నీడ

మా పాప ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పెట్టె విప్పగానే గదంతా కొత్త ప్లాస్టిక్ వాసన. వరంగల్‌లో మా ఇంటికి ఆ వాసన మొదటిసారి వచ్చిన డిసెంబరు గుర్తొచ్చింది.

అంతకుముందు ఏటా బాపు సమాధుల తోటలోని సరుగుడు చెట్టు కొమ్మ ఒకటి కొట్టుకొచ్చి, ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టేవాడు. ఇల్లంతా పచ్చి వాసన వేసేది. ఆ ఏడు వానాకాలంలో జ్వరమొచ్చి చెల్లె పోయింది. ఆ చెట్టు కిందే సమాధి చేశారు. క్రిస్మస్‌కు బాపు హనుమకొండ నుంచి ప్లాస్టిక్ చెట్టు తెచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

"మన చెట్టు కొమ్మ ఎందుకు తేలే బాపూ?"

"కొమ్మ కొడితే చెల్లెకు ఎండ తగుల్తది బిడ్డా."

నిజమే అనుకున్నాను. చెల్లె అక్కడ పడుకుని ఉందని, ఎండ తగిలితే లేచి ఏడుస్తుందని నా భయం. పోయి ప్లాస్టిక్ చెట్టుకు స్టార్ కట్టాను.

పెద్దయ్యాక, నన్ను ఊరుకోబెట్టడానికే బాపు అలా చెప్పాడనుకున్నాను. కానీ ఆ క్రిస్మస్ తర్వాతి ఎండాకాలమంతా ఆయన సైకిల్‌కు నీళ్ల డబ్బా కట్టుకుని పోయి, ఆ చెట్టుకు పోసి వచ్చేవాడు. వచ్చి అమ్మతో మెల్లగా అనేవాడు:

"పొద్దుగూకేటప్పుడు ఓ పక్కన ఇంకా జర ఎండ పడ్తాంది."