ఊడదీయని మేడ

మా పక్క వాటాలోకి సామాను దిగిన రోజునే నాకు అనుమానం వచ్చింది. మంచం, బీరువా, గ్యాసు పొయ్యి అందరికీ ఉండేవే. వాటి వెనక అట్టపెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఒకదాని మీద ఓడ బొమ్మ, ఒకదాని మీద వంతెన, ఒకదాని మీద మేడ. మోసేవాళ్లు ఏదైనా కాస్త గట్టిగా దింపితే చాలు, ఎవరో తన పసిబిడ్డను జారవిడిచినట్టు ఆ ఇంటాయన అదిరిపడుతున్నాడు.

"పిల్లలెంతమంది నాయనా?" అని అడిగాను.

"పిల్లల్లేరండీ."

"మరి ఈ బొమ్మలన్నీ?"

"నావేనండీ," అన్నాడు, చెవుల దాకా ఎర్రబడి.

ఇక నాకు ఆ పూట తిన్నది అరగలేదు. సాయంత్రం చక్కెర అడిగే వంకతో వెళ్లాను. తలుపు తీసింది ఆయన భార్య. నా చేతిలో గిన్నె చూసింది, నా కళ్లు గిన్నె మీద లేవనీ చూసింది. "రండి పిన్నిగారూ, నా సవతుల్ని చూద్దురుగాని. అందరూ పెట్టెల్లోనే ఉంటారు, నోరెత్తరు, నాకంటే గుణవంతులు!" అంటూ లోపలికి లాక్కెళ్లింది. ఆ నిమిషం నుంచీ ఆ ఇల్లు నాదీ అయింది.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మేమంతా లిఫ్టాయన అనేవాళ్లం. ఆమె బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసేది, పువ్వులు వేసేది. పలుచటి సంచిలో క్రీము నింపి, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోతుంటే అక్షరాలు ముత్యాల్లా జారేవి. మా మనవరాలి పుట్టినరోజు కేకు మీద తను వేసిన గులాబీని కొయ్యడానికి మాకెవరికీ చేతులు రాలేదు.

లిఫ్టాయన పిచ్చి మాత్రం వేరు. బొటనవేలి గోరంత ప్లాస్టిక్ ఇటుకలు, నెత్తిన బొడిపెలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటాయి. రంగుకో డబ్బా కాదు, ఆకారానికో డబ్బా. రంగు కంటికి చిక్కుతుంది గానీ ఆకారం చిక్కదట, అందుకని. ఆదివారం వచ్చిందంటే నేల మీద దుప్పటి పరిచి, బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ పుస్తకంలో అక్షరమనేదే ఉండదు, అన్నీ బొమ్మలే. కట్టినదాన్ని కొన్నాళ్లు కళ్లారా చూసుకుని, చిన్న మీట లాంటి పనిముట్టుతో ఇటుక ఇటుకా ఊడదీసి, మళ్లీ డబ్బాల్లో సర్దేసేవాడు.

"ఇంత కష్టపడి కట్టింది కూల్చడమెందుకయ్యా? కాస్త జిగురు పెట్టి అంటించేస్తే పడుంటుందిగా," అన్నాను ఒకసారి.

ఏదో బూతుమాట విన్నట్టు చూశాడు. "జిగురు పెడితే అది చచ్చినట్టే పిన్నిగారూ. ఊడితేనే ఇటుక. కట్టడంలోనే ఉంది అంతా, కట్టేశాక ఏముంది?"

వాటన్నిటిలో ఆయన ప్రాణం మూడంతస్తుల హోటలు మీద ఉండేది. దాని మధ్యలో చిన్న లిఫ్టు. పక్కనున్న పిడి తిప్పితే దారం మీద పైకి పోతుంది. అది తయారుచేసేవాళ్లు ఎప్పుడో మానేశారట, ఇప్పుడు వెతికినా దొరకదట. "పగలంతా లిఫ్టులే, ఇంటికొచ్చినా లిఫ్టేనా!" అని ఆమె ఏడిపించేది. ఆయన నవ్వేవాడు.

ఆ నవ్వులు నాలుగు కాలాల పాటు ఉండలేదు. బేకరీలో సగం పేరు రాసిన కేకు ముందే ఆమె కూలబడిపోయింది. పక్షవాతం. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మాట కాస్త తడబడుతోంది, కాలు కాస్త ఈడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా పడిపోయింది. పలకరించడానికి వెళితే దాన్ని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, "ఇది నాది కాదు పిన్నీ. ఎవరిదో తెచ్చి నాకు తగిలించారు," అంది. నేను నోరున్నదాన్నే. ఆరోజు మాత్రం ఆ చేతి మీద దుప్పటి సర్ది వచ్చేశాను.

వ్యాయామాలు నేర్పే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. ఈమె దాన్ని గోడకేసి కొట్టింది. ఆ అమ్మాయి మెత్తటి ముద్ద ఇచ్చింది. ఈమె దాన్ని ముట్టనే లేదు. తిండి తగ్గించింది. తల దువ్వించుకోవడం మానేసింది. బేకరీ వాళ్లు చూడ్డానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ పట్టు రాకపోతే ఇక ఆ చెయ్యి అంతేనని ఆ అమ్మాయి గుమ్మం బయట లిఫ్టాయనతో చెప్పడం నేను విన్నాను. వినడానికే అక్కడ నిలబడ్డాను, దాచడమెందుకు?

ఆ సాయంత్రం ఆయన హోటలును ఊడదీసి, కింది అంతస్తు ఇటుకలు ఒక పళ్లెంలో పోసి ఆమె ముందు పెట్టాడు. కోపంతో పళ్లేన్ని తోసెయ్యబోయింది. ఆ ఊపుకి కుడిచెయ్యి పళ్లెంలో పడి, వేళ్ల మధ్య ఒక ఇటుక చిక్కి, జారలేదు. ఆయన చిన్నపిల్లాడిలా ఎగిరాడు. మర్నాటి నుంచి అదే పని. రెండు వేళ్ల మధ్య ఇటుక పట్టుకోవాలి, పెట్టాలి, నొక్కాలి. పోను పోను కింది అంతస్తు మొత్తం కట్టింది. కట్టిన సాయంత్రమే ఆయన దాన్ని ఊడదీసి పళ్లెంలో పోశాడు. "రేపు ఇంకా తొందరగా వస్తుంది చూడు!"

తెల్లవారితే అదే అంతస్తు, పొద్దుగూకితే అదే పళ్లెం. ఆయనకు దానిలో తప్పు కనపడలేదు. ఏళ్ల తరబడి ఆయన సంతోషంగా చేసుకుంటున్న పనే అది. కానీ ఆమె వేళ్లు ముందుకు పోవడం మాని వెనక్కి రాసాగాయి. నిన్న పట్టుకున్న ఇటుక ఇవాళ జారేది. ఆయనకు భయం పట్టుకుంది. పనికి సెలవులు పెట్టాడు, గడ్డం పెంచాడు. గోడ అవతలి నుంచి ఒకటే మాట వినిపించేది. "ఇంకొక్కటి. నా మాట విను. ఇంకొక్కటే!" తర్వాత ఇటుకలు నేల మీద చెల్లాచెదురైన చప్పుడు. తర్వాత ఆయన ఏడుపు. ఆమె ఏడుపు మాత్రం ఎన్నడూ వినపడలేదు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

"కాస్త ఊపిరి తీసుకోనివ్వవయ్యా," అన్నాను.

"ఊపిరి తీసుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి పిన్నిగారూ! మీకు తెలీదు. ఇది పోతే తను పోతుంది. నాకు ఇంకో దారి లేదు."

అంతలో పొరుగూళ్లో కొత్త భవనానికి లిఫ్టు బిగించే పని పడింది. ఇక సెలవు ఇచ్చేది లేదన్నారు. తోడుగా తన అక్కను పిలిపించి, అప్పగింతలన్నీ పెట్టి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. చక్కెర, అగ్గిపెట్టె, సూదీదారం, నా వంకలన్నీ అయిపోయాయి. ఆ ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి అన్నీ అందించింది, పక్కకు మాత్రం తప్పుకోలేదు. నన్ను గుమ్మంలో ఆపినవాళ్లు ఈ వీధిలో ఇంకెవరూ లేరు.

ఆయన తిరిగొచ్చిన మధ్యాహ్నం పెద్ద కేక వినపడింది. వంక లేకుండానే పరిగెత్తాను.

బల్ల మీద మూడంతస్తులూ నిలబడి ఉన్నాయి. లిఫ్టాయన పైకప్పు ఇటుక పట్టుకుని లాగుతున్నాడు. రావడం లేదు. మీట పెట్టాడు, గోరు పెట్టాడు. గోరు విరిగింది. ఆ పెనుగులాటలో పిడి తిరిగి, లిఫ్టు మాత్రం మెల్లగా పైకి పోయింది. ఆ సంగతి ఆయన పట్టించుకోనే లేదు.

"జిగురు! ఎవరు పెట్టారిది? అక్కా, నువ్వేనా?"

"నేనేరా," అంది ఆడపడుచు తల వంచుకుని. "రోజూ ఊడదీస్తుంటే చూడలేక..."

"నా కొంప ముంచావు కదే! దాని చెయ్యి ఈ ఇటుకలకే అలవాటు పడింది. ఇప్పుడు దేంతో చేయించను? ఎక్కడ తేను?" అంటూ ఆ మేడను రెండు చేతులా ఎత్తి, విడిపోతుందేమోనని బల్ల అంచుకేసి కొట్టాడు. ఒక మూల పటుక్కుమని విరిగి నేల మీద పడింది. కుర్చీలో ఉన్న ఆమె నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటి శబ్దం నేను మనిషి నోట ఎప్పుడూ వినలేదు.

ఆమె పడిపోతుందేమోనని వెళ్లి కుడిచెయ్యి పట్టుకున్నాను. గరుకుగా తగిలింది. తిప్పి చూశాను. బొటనవేలి మీదా చూపుడువేలి మీదా ఎండిన జిగురు పొరలు. ఎడమచెయ్యి చూశాను, శుభ్రంగా ఉంది.

"ఇదేమిటే తల్లీ? జిగురు నీ కుడిచేతికుందేం?"

"ఇంక చెప్పెయ్ మరదలా," అంది ఆడపడుచు. "నావల్ల కాదు వీడి తిట్లు పడటం. నేను మేడ పట్టుకున్నానురా, అంతే. కట్టిందీ అదే, జిగురు గొట్టం పిసికిందీ అదే. చెప్పనని నాచేత ఒట్టు పెట్టించుకుంది."

"అబద్ధం," అన్నాడు లిఫ్టాయన. "ఎలా పిసుకుతుంది? ఇటుకే పట్టుకోలేకపోయింది."

నేను మేడను కిటికీ దగ్గరికి లాగాను. కింది అంతస్తులో జిగురు బొట్లు బొట్లుగా కారి గడ్డకట్టింది. రెండో అంతస్తులో వంకరటింకరగా గీతలా మారింది. మూడో అంతస్తు అతుకుల వెంట మాత్రం సన్నగా, ఎక్కడా తెగకుండా, కేకు అంచున వేసే తీగలా ఉంది. "కళ్లుంటే చూడు," అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆ గీత మీద వేలు పెట్టి చివరి దాకా పోనిచ్చాడు.

ఆమె అప్పుడు మాట్లాడింది. ఒక్కో మాటా కూడదీసుకుని. "పొద్దున కట్టేదాన్ని. సాయంత్రం మీరు పళ్లెంలో పోసేవారు. మీకది ఆట. నాకు... రోజూ మళ్లీ బేకరీలో పడిపోయినట్టే ఉండేది."

"నాతో అనొచ్చుగా!"

"అంటే? ఇంకొక్కటి అనేవారు."

ఆయన నేల మీద పాకి, విరిగిన మూలముక్క ఏరుకుని, దాని చోట దాన్ని ఆనించి పట్టుకున్నాడు. వాళ్లక్క అలమారలోంచి జిగురు గొట్టం తెచ్చి మరదలి ఒళ్లో పెట్టింది. ఆమె వేళ్లు దాని దాకా వెళ్లాయి, చుట్టుకున్నాయి, వదిలేశాయి.

"ఇవాళ నావల్ల కాదు," అంది.

ఆయన నోరు తెరిచాడు. ఇంకొక్కసారి అంటాడేమోనని నేను కళ్లు మూసుకున్నాను. అనలేదు. కానీ ముక్కను వదలనూ లేదు, అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"కింద పెట్టండి," అంది ఆమె. "విరిగింది విరిగినట్టే ఉండనివ్వండి. ఊడదీయకండి, చాలు."

ముక్కను మేడ పక్కనే పెట్టాడు. చెయ్యి పూర్తిగా వస్తుందో రాదో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. బల్ల కింద ఖాళీగా ఉన్న ఆ ఇటుకల పళ్లెం తీసుకుని మా ఇంటికి వచ్చేశాను. ఎందుకు తీసుకెళుతున్నావని ఎవరూ అడగలేదు.