బాబాయి చేసిన కూరగాయల సూపు

మా బాబాయి పోయాడని పిన్ని రేపల్లె నుంచి ఫోన్ చేసినప్పుడు నేను తెనాలి మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. నిద్రలోనే పోయాడట. ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఇంటికి రెండు వీధులు ఎక్కువ తిరిగి వచ్చాను.

వరసకు మరిదే గానీ, అమ్మ బాపట్ల దగ్గర మా ఊరికి కాపురానికి వచ్చేనాటికి బాబాయి ఆరేళ్ల తల్లిలేని పిల్లవాడు. అన్నం కలిపి పెట్టి పెంచింది. ఆయన పోయిన సంగతి విని ఏడవలేదు, తినడం మానేసింది. ఇన్ని మజ్జిగ తాగి పడుకునేది. అమ్మ మొండితనం మీకు తెలియదు. ఆమెతో వాదించి నెగ్గినవాడు బాబాయి ఒక్కడే.

రెండేళ్ల కిందట అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. మూడు నెలలు కారం, చింతపండు ముట్టకూడదన్నారు డాక్టరుగారు. చేపల పులుసుతో పెరిగిన మనిషి. జావ తెస్తే మొహం గోడవైపు తిప్పుకునేది. అప్పుడు బాబాయి కొల్లూరు లంక కూరగాయలు సంచినిండా వేసుకుని బస్సు దిగాడు. ఆయన సరుకు ఓడల్లో చాలా ఏళ్లు వంటవాడు. కూరగాయల సూపు ఒకటి ఇటలీ వంటాయన దగ్గర నేర్చుకున్నాడు.

"కూరలన్నీ ఒక్కసారి పోయబాకమ్మా. పడవ దిగినట్టు ఒకరెనక ఒకరు దిగాలి," అనేవాడు. ముందు ఉల్లిపాయ, క్యారెట్ సన్న సెగ మీద మగ్గాలి. తర్వాత బంగాళాదుంప, బీన్స్, క్యాబేజీ, టమాటా. ఉడికించిన అలసందలు సగం మెదిపి కలిపితే చిక్కబడుతుంది. చివర గుప్పెడు మాకరోనీ. గంటసేపు పొయ్యి దగ్గర నుంచి కదిలేవాడు కాదు.

మొదటిరోజు మాత్రం, అలసందలు కలపకముందు ఆయన స్నానానికి వెళ్లిన సమయంలో నేను తెలివి ప్రదర్శించాను. ఎర్రగా, పల్చగా కనబడితే మన చేతులు ఊరుకుంటాయా? ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో ఘుమఘుమలాడే తాలింపు వేసేశాను. బాబాయి వచ్చి వాసన చూసి, తిట్టకుండా గిన్నె నా ముందు పెట్టాడు.

"నీకు చారు కుదిరింది. మీ అమ్మకి మళ్లీ సూపు చేద్దాం," అని కత్తిపీట ముందు కూర్చున్నాడు.

రెండోసారి చేసింది రెండు గిన్నెల్లో పోసి, అమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు తింటేనే నేను తింటా వదినా. పొద్దున్నుంచి ఏం తినలేదు," అన్నాడు.

"ఏంట్రా ఈ గడ్డి?" అంటూనే అమ్మ చెంచా అందుకుంది. వారానికి మూడుసార్లు రేపల్లె నుంచి వచ్చి అలాగే తినిపించాడు. మా అమ్మ మళ్లీ లేచి తిరిగిందంటే అది ఆయన చలవే.

మాలో పెద్దకర్మనాడు పోయినవారికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతాం. నేను పొద్దున్నే సూపు చేసి, క్యారియర్లో పోసుకుని, అమ్మను తీసుకుని రేపల్లె వెళ్లాను. ఈసారి తాలింపు జోలికి పోలేదు. పిన్ని మూత తీసి చూసి, క్యారియర్ పక్కన పెట్టేసింది.

"ఇది వద్దులేమ్మా. ఆయనకి ఈ సూపంటే పడదు. ఓడలో తిని తిని మొహం మొత్తిందంట. మా ఇంట్లో ఒక్కనాడూ చేయలేదు."

"మా ఇంట్లో గిన్నెడు తినేవాడుగా పిన్నీ?"

"ఒక్కటే తినమంటే మీ అమ్మ తినదని తినేవాడు. ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తింటేగానీ నోరు బాగయ్యేది కాదు."

మూడు నెలలు పక్కనే ఉండి చూసినదాన్ని, నాకేం కనబడినట్టు?

విస్తట్లో ఆయనకిష్టమైన చేపల పులుసే పెట్టారు. అమ్మ అన్నీ విన్నది. గుమ్మంలో కూర్చుని క్యారియర్ దగ్గరికి లాక్కుంది. చల్లారిన సూపు, చెంచా కూడా అడగకుండా, గిన్నె ఎత్తి అడుగుదాకా తాగింది. తర్వాత పంపు దగ్గరకు వెళ్లి, గిన్నె తానే తోమి, ఎండలో బోర్లించింది.