నీలం సంచి మీద వాలిన ఈగలు

నేను బడికి వెళ్ళకపోవడానికి కారణం దోమ. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు కానీ నిజం. చిలకలగూడలో మా ఇంటి వెనక మురుక్కాలువ ఉండేది. దోమ కుట్టినా, చీమ కరిచినా నాకు ఆ చోటల్లా కోడిగుడ్డంత వాచేది. సాయంత్రానికి జ్వరం. ఒకటో తరగతిలో చేరిన నెలలోనే మూడుసార్లు టీచరమ్మ నన్ను చంకనేసుకుని ఇంటికి తెచ్చి దింపింది. మూడోసారి అమ్మ నా పలకాబలపం తీసి లోపల పెట్టేసి, "ఇక నీకు నేనే టీచర్ని" అంది.

మంచానికి దోమతెర కట్టి నన్ను లోపల కూర్చోబెట్టేది. తను బయట స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పేది. పలక అందించాల్సి వస్తే విసనకర్రతో అటూ ఇటూ నాలుగుసార్లు విసిరి, తెర జానెడు ఎత్తి, గబుక్కున లోపలికి తోసేది. అక్షరాలు, ఎక్కాలు, కీర్తనలు, ఇంగ్లీషు వాచకం, అన్నీ ఆ తెరలోంచే నాకు వచ్చాయి. అమ్మ ముఖం కూడా చాలాకాలం సన్నని గళ్ళ వెనకే గుర్తు నాకు.

మా ఇంట్లో అట్ట ఊడిపోయిన జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో జిరాఫీ బొమ్మ దగ్గర నేను ఆగిపోయేదాన్ని.

"అమ్మా, జిరాఫీని దోమలు కుడతాయా?"

"అంత ఎత్తుకి ఎగరలేవేమోనే."

"మరి కాళ్ళ మీద?"

అమ్మ తెర దగ్గరికి వంగి బొమ్మ చూసింది. "నాకు తెలీదు. నువ్వెప్పుడైనా చూస్తే కనుక్కొచ్చి చెప్పు" అంది. తెలియని దాన్ని తెలియదని చెప్పే తల్లి దొరికినందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయి, అమ్మ నా దగ్గరే ఉంటున్న రోజుల్లో మా చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా మరిది టాంజానియాలో లెక్కల మాస్టారు. సెలవుల్లో నన్నూ మా ఆయన్నీ రమ్మని, అడవిలో తిప్పి జంతువుల్ని చూపిస్తామని రాసింది. కింద మరిది రాత:

"వదినగారూ, ఇక్కడ దోమల సంగతి సాయంత్రం నుంచి. పగలు అడవిలో సెట్సీ అనే ఈగ ఉంటుంది. మన జోరీగకి అన్నయ్య అనుకోండి, బట్ట మీంచి కూడా కుడుతుంది. ముదురు నీలం, నలుపు కనబడితే ఎగిరొస్తుంది. ఆ రంగుల్లో ఏదీ తేవద్దు. సెంట్లూ పౌడర్లూ వద్దు. జాకెట్లు మణికట్టు దాకా కుట్టించుకోండి."

రైల్వే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. "దోమతెరలో పెరిగినదానివి, ఏరి కోరి ఈగల దగ్గరికి వెళ్తానంటావా?"

"వెళ్ళనీ బాబూ, అది నాకో సంగతి కనుక్కుని రావాలి" అంది అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ఆయన చివరికి ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. "అడవిలో ఒక్క కాటు పడినా, ఎక్కడుంటే అక్కడే జీపు వెనక్కి తిప్పించేస్తాను. తర్వాత బతిమాలకూడదు."

బతిమాలనని మాటిచ్చాను.

మోండా మార్కెట్లో బిస్కట్ రంగు బట్ట కొని టైలరుకిచ్చాను. కొలతలు తీసుకుంటూ అతను టేపు ఆపి చూశాడు. "అమ్మా, చేతులు గింత పొడుగేంది? ఎండల సుత గిట్లనే తొడుక్కుంటరా?"

"ఈగల కోసం నాయనా."

"ఈగలకు గింత మర్యాదనా," అని తలూపుతూ రాసుకున్నాడు.

ప్రయాణానికి ముందు గురువారం మా చర్చి స్త్రీల సమాజంలో నా కోసం ప్రార్థన పెట్టారు. అయ్యాక నా చేతిలో ఒక సంచి పెట్టారు. బైబిలు పెట్టుకునే సంచి. మందపాటి గుడ్డ, లోపల దూది, జిప్పు, పైన తెల్లదారంతో శిలువ. ఒక్కొక్కరు ఒక్కో వరస కుట్టారట. బోయిన్‌పల్లి నుంచి వచ్చే పెద్దావిడ, చూపు ఆననిది, ఆమె కుట్టిన వరస వంకర పోయింది. ఆ వంకరే నాకు ఎక్కువ నచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ బైబిలు అందులో పెట్టుకున్నాను. ఆ సంచిలో నాకు వాళ్ళ చేతులు కనబడ్డాయి గానీ రంగు కనబడలేదు.

టాంజానియాలో చెల్లి ఇంట్లో మంచానికి దోమతెర కట్టి ఉంది. దాంట్లోకి దూరగానే, "పుట్టింటికి వచ్చినట్టుందే" అన్నాను. చెల్లి నవ్వాపుకోలేకపోయింది.

అడవికి బయల్దేరే ముందు మరిది మా పెట్టెలన్నీ తీయించి తనిఖీ చేశారు. మా ఆయన నల్ల మేజోళ్ళు పోయాయి, నా మల్లెనూనె సీసా పోయింది. చేతిలో ఉన్న సంచి మాత్రం పెట్టెలో లేదు కనుక ఎవరూ అడగలేదు.

పైకప్పు ఎత్తి పెట్టే జీపు. ముందు డ్రైవరు పక్కన మా ఆయన, వెనక మేము ముగ్గురం. గడ్డిమైదానం దాటి చెట్లలోకి వెళ్ళిన పది నిమిషాలకు వచ్చాయి. మొదట రెండు. తర్వాత లెక్క లేదు. విచిత్రమేమిటంటే అన్నీ నా వైపే.

"వదినగారూ, మీ ఒళ్ళో ఏమిటది?" అన్నారు మరిది.

"బైబిలండీ."

"బైబిలు సరే. దాని చొక్కా ఏ రంగు?"

అప్పుడు చూశాను. ముదురు నీలం. ఇంకు సీసా వంచినట్టు ఉంది. దాని మీద ఈగలు శిలువ చుట్టూ బారులు తీరి కూర్చున్నాయి. ఒకదాన్ని తోలబోతే నా ఎడమ మణికట్టు మీద, సరిగ్గా జాకెట్టు చెయ్యి అయిపోయిన చోట, సూది దిగినట్టయింది.

"ఏమన్నా కుట్టిందా?" అన్నారు మా ఆయన వెనక్కి తిరిగి.

చేతికి కొంగు చుట్టేసుకున్నాను. "ఏం లేదండీ."

ఒళ్ళో బైబిలు పెట్టుకుని ఆడిన అబద్ధం. చెల్లి నా కొంగు వైపు చూసి, ఆకాశం వైపు చూసింది.

డ్రైవరు జీపు ఆపి సంచి చూసి నవ్వాడు. ఈ ఈగల్ని పట్టడానికి తమ ఊళ్ళో నీలం గుడ్డలే కడతారట. అతను చెప్పినట్టు బైబిలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ సంచి ఇచ్చాను. దాన్ని జీపు వెనక కమ్మీకి కట్టాడు. కదిలాం. ఈగలు ఒక్కొక్కటే నన్ను వదిలి దాని వెంట పడ్డాయి. అది మా చర్చి ఆడవాళ్ళు కుట్టిందని నేనంటే, మరిది ఆ మాట డ్రైవరుకి వాళ్ళ భాషలో చెప్పారు. "మీ ఊరి ఆడవాళ్ళకి ఈగల సంగతి బాగా తెలుసే" అన్నాడు.

అందరూ నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు. కొంగు కింద మణికట్టు కొట్టుకుంటోంది, వేడెక్కుతోంది. ఇంకా జిరాఫీ కనబడలేదు. నోరు మూసుకుని కూర్చుంటే కనబడుతుందేమో. కానీ అలా చూసొచ్చి అమ్మకి ఏ ముఖంతో చెప్పను? ఒక మలుపు దాకా ఓర్చుకున్నాను. ఇంక నావల్ల కాలేదు.

"ఏమండీ, కుట్టింది." కొంగు విప్పి చూపించాను. నిమ్మకాయంత ఉంది.

"ఇందాకే చూశాను. ఇంత ఎండలో చేతికి కొంగెవరు చుట్టుకుంటారు?"

"మరి జీపు తిప్పమనలేదేం?"

"నువ్వు చెప్పేదాకా నాకు తెలీనట్టే అనుకున్నాను. చెప్పేశావుగా." ఆయన గొంతులో నాకన్నా ఎక్కువ దిగులుంది. "ఇప్పుడు తిప్పక తప్పదు."

చెల్లి ఏదో అనబోయింది. "మాటిచ్చానే" అన్నాను. మరిది దద్దుర్ల మాత్ర, నీళ్ళు ఇచ్చారు. మింగి, కళ్ళు మూసుకుని, ఇంతదూరం తెచ్చినందుకే స్తోత్రం తండ్రీ అనుకున్నాను. అనుకున్నానే గానీ, కళ్ళు తెరవగానే మళ్ళీ చెట్ల మధ్య వెతికాను.

డ్రైవరు అటూ ఇటూ చూశాడు. దారి ఇరుకు, ఇరువైపులా ముళ్ళపొదలు. ఇక్కడ తిరగదు, ముందు ఖాళీజాగా ఉంది, అక్కడ తిప్పుతాను అన్నాడు. కొంతదూరం పోయాం. పొదలు అయిపోయాయి. జీపు సగం తిప్పి, ఇంజను ఆపేశాడు.

నాలుగు ఉన్నాయి. మూడు పెద్దవి, ఒకటి పిల్ల. దగ్గరిది చెట్టు చిగురు తింటూ మమ్మల్ని పైనుంచి చూస్తోంది, బడికి ఆలస్యంగా వచ్చిన వాళ్ళని చూసినట్టు. నేను దాని ముఖం కాదు, కాళ్ళు చూశాను. ఒక కాలు దబ్బున నేలకేసి కొట్టింది. తోక విసిరింది. భుజం మీద చర్మం జలదరించింది. మెడ మీద చిన్న పిట్టలు రెండు పాకుతూ ఏవో ఏరుకు తింటున్నాయి.

"వెళ్దామా?" అన్నారు మా ఆయన చాలాసేపటికి. వాచీ చూసుకోలేదు.

జ్వరం రాలేదు. మర్నాటికి వాపు సగం తగ్గింది. సంచిని రెండుసార్లు ఉతికాను. సికింద్రాబాదు వచ్చాక సమాజంలో జరిగింది చెబితే, బోయిన్‌పల్లి పెద్దావిడ, "నా వంకర వరస మీద సుత వాలినయా?" అని అడిగింది. వాలాయంటే తృప్తిపడింది.

అమ్మ మాత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడిగింది. "కుడతాయా?"

"కుడతాయమ్మా. కాలు నేలకేసి కొడుతుంది, తోకతో తోలుకుంటుంది. కొన్ని పిట్టలు ఏరిపెడతాయి."

అమ్మ నా మణికట్టు పట్టుకుని, చిన్న మచ్చని బొటనవేలితో రాస్తూ కూర్చుంది.

"పాపం," అంది, "దానికి అంత ఎత్తు తెర ఎవరు కడతారు."