విమానం రెక్కకు చింతగింజల గంజి

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు చలికాలంలో నన్ను వాయవ్య సరిహద్దులోని ఒక చిన్న విమాన స్థావరానికి పంపారు. హోదా ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, పని ఫాబ్రిక్ వర్కర్. అంటే విమానం రెక్కలకు గుడ్డ వేసేవాణ్ణి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అప్పట్లో మా దళానికి దక్కినవి పాతబడిపోయిన జంట రెక్కల యంత్రాలు. లోపల చట్రం, పైన గుడ్డ. కొత్తవన్నీ దొరల దళాలకు పోయేవి.

ఆ కొండల మీదుగా కాగితం మీద ఒక గీత ఉండేది. ఇవతల ప్రభుత్వం, అవతల ఎవరి మాటా వినని కొండజాతులు. ఆ గీత ఎక్కడుందో రెండు పక్షాలూ ఒప్పుకున్న రోజు లేదు. మా విమానాలు దాని వెంబడి తిరిగి, కింద ఎవరు ఎటు కదులుతున్నారో చూసి రావాలి. కింద నుంచి తుపాకులు పేలేవి. తూట్లు పడ్డ రెక్కలను బాగుచేసి మళ్లీ ఎగరేయడం మా విభాగం బాధ్యత.

మాది అరవదేశంలో పోదనూరు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా నాయన కోయంబత్తూరులో ఒక మిల్లులో గంజి ఖాతా మేస్త్రీ. నేత ముందు పడుగు నూలుకు గంజి పట్టించే పని అది. నేను అదే మిల్లులో గుడ్డ తనిఖీలో ఆరేళ్లు చేసి వాయుసేనలో చేరాను. స్థావరంలో నాతో ఇంటి భాష మాట్లాడగలిగినవాడు ఒక్కడే, మదురై కుర్రవాడు ఆరోగ్యం. క్రైస్తవుడు, మిల్లు కూలీ కొడుకు. మా ఊళ్లో అయితే వాడు మా తిన్నె దిగువన నిలబడాల్సినవాడు. అక్కడ మాత్రం ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. అది నా పెద్దమనసని నేను అనుకునేవాణ్ణి. ఆ పెద్దమనసు ఎంతపాటిదో తర్వాత తేలింది.

రెక్కకు గుడ్డ వేయడానికి ఒక క్రమం ఉంది. గుడ్డను తొడుగులా కుట్టి చట్రానికి ఎక్కించాలి. మైనం పట్టించిన దారంతో లోపలి పక్కటెముకలకు బిగించాలి. ఆపైన డోప్ అనే ఘాటైన ద్రావకాన్ని పూతలు పూతలుగా పూయాలి. అది నూలులోకి ఇంకి, ఆరేకొద్దీ గుడ్డను బిగదీస్తుంది. ఇంకితేనే పట్టు, గంజి అడ్డుంటే ఇంకదు. అందుకే విమానాల గుడ్డలో గంజి రవ్వంత కూడా మిగలకూడదు. పని చేసినవాడు, తనిఖీ చేసినవాడు ఇద్దరూ ఫారం మీద సంతకం పెట్టాకే పైలట్ విమానం ఎక్కుతాడు.

సముద్రం అవతలి నుంచి నార గుడ్డ రావడం ఆగిపోయి, మన దేశపు నూలు గుడ్డ రావడం మొదలైంది. ఒకరోజు విప్పిన తాను అంచున రెండు నీలి గీతలు చూసి నా ఒళ్లు పులకరించింది. అది మా మిల్లు గుడ్డ. ఆరోగ్యాన్ని పిలిచి మరీ చూపించాను. ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ ఒక మూల నాలుక మీద పెట్టి బొటనవేలితో రుద్దాను. వేలు జిగురుగా అంటుకుంది.

అది చింతగింజల గంజి, అందులో చిటికెడు పటిక. ఆ పాళ్లు మా నాయనవి. మా ఇంట్లో పెళ్లి పంచెలకు కూడా ఆయన అదే పెట్టేవాడు. మెత్తగా వేలాడే గుడ్డను బయటి ఊరికి పంపడం మా వాళ్లకు నామోషీ. గంజి మొత్తం కడిగి పంపమని సర్కారు రాసే ఉంటుంది. వాళ్లు కడిగే ఉంటారు. కడిగాక, కొడుకు పనిచేసే చోటికి పోయే గుడ్డ పీలగా ఉండకూడదని మా నాయన పైన పలచగా ఒక పూత వేయించి ఉంటాడు. ద్రోహం కాదది, మర్యాద.

నియమం ప్రకారం నేను ఆ తానుకు పనికిరాదని ఎర్ర చీటీ కట్టి ఫ్లైట్ సార్జెంట్‌కు చెప్పాలి. చీటీ కడితే ఫిర్యాదు మిల్లుకు పోతుంది, మిల్లు నుంచి గంజి మేస్త్రీ దగ్గరికి పోతుంది. యుద్ధ కాలంలో సర్కారు సరుకు చెడగొడితే ఇంటికి పోలీసులు వస్తారు. చీటీ చేతిలోనే ఉంది. నేను కట్టలేదు.

నా వంతు గుడ్డను మటుకు డ్రమ్ములో ఉడికించి, ఆరేసి వాడుకున్నాను. ఆరోగ్యం చూశాడు.

“ఏమిటికన్నా ఉడకేస్తా ఉండావు?”

“సుమ్మా, ఊరికే, దుమ్ము పొయ్యేకి,” అన్నాను.

ఆ వారంలోనే ఒక విమానం పై రెక్కకు తూట్లు పడి తిరిగొచ్చింది. మర్నాడు మళ్లీ ఎగరాలన్నారు. పని ఆరోగ్యానికి పడింది. వాడు ఆ తానులోంచే గుడ్డ తీసుకున్నాడు. నేను పది అడుగుల దూరంలో వేరే రెక్క కుడుతున్నాను. నోరు తెరిస్తే చాలు. నాలుగు రోజులు గడిచాక ఏదో వంకతో ఆ రెక్క గుడ్డ నేనే మార్చేద్దాం అనుకున్నాను. డోప్ ఆరాక ఆ రెక్క డప్పులా మోగింది, తనిఖీ చేసిన సార్జెంట్ మెచ్చుకున్నాడు కూడా. నాలుగు రోజులు గడవలేదు. మూడో రోజు కొండల మీది చలిలో డోప్ పొరలుగా లేచిపోయింది, దాని వెంట గుడ్డ లేచిపోయింది. విమానం ఎండిన ఏట్లో కూలింది. పైలట్ కాలు విరిగి బతికాడు. వెనక కూర్చున్న గన్నర్ చచ్చిపోయాడు. గన్నర్ వయసు ఇరవై ఒకటి. ముందు రోజు పొద్దున నా దగ్గర సూది అడిగి తీసుకుపోయి చొక్కా గుండీ కుట్టుకున్నాడు.

ముగ్గురు అధికారులతో విచారణ జరిగింది. గుడ్డలో ఏదైనా లోపం గమనించావా అని నన్ను అడిగారు. మిల్లులో ఆరేళ్లు చేసినవాడినని నా మాటకు అక్కడ విలువ ఉండేది. “లేదు సార్,” అన్నాను. ఆరోగ్యం ఎదురుగా నిలబడి ఉన్నాడు. తడి ఆరని గుడ్డ మీద అజాగ్రత్తగా డోప్ పూశాడని తేల్చి వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. విడుదల కాగితం మీద నడత బాగోలేదని రాశారు. ఆ కాగితం పట్టుకుని పోతే మిల్లులో గానీ రైల్వేలో గానీ చీపురు పని కూడా ఇవ్వరు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

వాణ్ణి తీసుకుపోయే లారీ దగ్గరికి వెళ్లాను. వాడి పెట్టె ఎత్తి పైకి అందించాను. వాడే మాట్లాడాడు.

“నువ్వు ఉడకేసింది నేను చెప్పలే అన్నా. నువ్వే చెప్తువని చూస్తా నిలబడితిని.”

అంతే అన్నాడు. తిట్టి ఉంటే ఇన్నేళ్లు నాకు కాస్త సులువుగా గడిచేది. ఆ మధ్యాహ్నమే ఆ తానులో మిగిలిన గుడ్డంతా ఉడికించాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడు సెలవులో ఇంటికి పోతే మా నాయన అన్నం ముందు కూర్చుని అడిగాడు.

“మన గుడ్డ ఎట్లుండెరా ఆడ? బాగా నిలిచెనా?”

“బాగా నిలిచె నాయనా,” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. చనిపోయేదాకా ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఒకసారి మదురై దాకా పోయి ఆరోగ్యం కోసం వెతికాను. మేలూరు దగ్గర రాళ్ల క్వారీలో పనికి పోయాడని ఒకరు చెప్పారు. అక్కడికి బస్సు ఉంది. నేను ఎక్కలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు తనిఖీ పనిలోనే ఉండి వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. నా కింద పనిచేసినవాళ్లకు మొదటి రోజే ఒక సంగతి చెప్పేవాణ్ణి. లోపం తెలియక సరుకు పంపినవాడు తప్పు చేసినట్టు. నాలుక మీద పెట్టి చూసి, తెలిసి, చీటీ కట్టనివాడు తన చేత్తో మనిషిని చావుకు పంపినట్టు. ఇది నాకు ఎలా తెలుసో వాళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.