'ఏం కాదు' బుచ్చమ్మ

మా మారేడ్‌పల్లి వీధి మలుపులో బుచ్చమ్మది ఇస్త్రీ బండి. పట్టుచీర మీద నూనె మరక పడిందని ఎవరైనా కంగారుగా వస్తే, "ఏం కాదు, నేను జూస్కుంట" అనేది. ఆ మాట వింటే సగం మరక పోయినట్టే ఉండేది. అందరినీ అనుమానించే నేను కూడా ఆమె దగ్గర నిశ్చింతగా చొక్కాలు వదిలేసి వచ్చేవాణ్ని.

మొన్న వానాకాలంలో యామిని ఆమెకో స్ప్రే సీసా ఇచ్చింది. యామిని మా వీధి పిల్లే. బట్టలకు నానో పూత తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. కంటికి కనిపించనంత సన్నని రేణువులట. కొడితే బట్ట తడవదు, మరక అంటదు.

"నానో అంటే నానదన్నట్టు!" అని బుచ్చమ్మ నవ్వింది.

వచ్చిన బట్టలన్నిటికీ కొట్టి చూడమంది యామిని. ఎవరికీ చెప్పక్కర్లేదని కూడా అంది.

బుచ్చమ్మ కొట్టింది. నా చొక్కాలకు, కల్పలత గారి ఏడాది పాప గౌన్లకు కూడా. ఆ పాప గౌను అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం ఒకరోజు బుచ్చమ్మ కంటబడింది. సాయంత్రం యామినిని బండి దగ్గర ఆపింది. నేనూ అక్కడే ఉన్నాను.

"బిడ్డా, గది కడుపులకు పోతే ఏమన్న అయితదా?"

"ఏం కాదనే అనుకుంటున్నం ఆంటీ. ఇంకా టెస్టులు నడుస్తున్నయి."

"అనుకుంటున్నరా? అంటే గా టెస్టుల పాప సుత ఉన్నట్టేనా?"

యామిని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు బుచ్చమ్మ ఎవరూ అడక్కుండానే ఇంటింటికీ వెళ్లి స్ప్రే సంగతి చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నా ఒంటి మీద బట్టతో ప్రయోగం చేయడానికి వీళ్లెవరు? గట్టిగానే అరిచాను. కల్పలత గారు అరవలేదు, పాపను ఎత్తుకుని తలుపేసుకున్నారు. బండికి రోజూ వచ్చే పెద్ద మూట వాళ్లింటిదే. అది మళ్లీ రాలేదు.

కోపం చల్లారాక నా చొక్కాలు తీసుకుని వెళ్లాను. బుచ్చమ్మ నీళ్లు చిలకరించింది. చుక్కలు ఇంకలేదు, జారి కింద పడ్డాయి. నాకు వీపంతా దురద పెట్టినట్టయింది.

"ఏం కాదు కదా, బుచ్చమ్మా?" అన్నాను. అబద్ధమైనా సరే, ఆ మాట ఆమె నోట వినాలనిపించింది.

బుచ్చమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నాకు తెల్వదు సార్."